చూచిన బొమ్మను గూర్చి చెప్పుట

గత సంవత్సరము దసరా సెలవులు గడచి పాఠశాల తెరచిన దినమున, మధ్యాహ్న విరామ సమయమందు, పదవ తరగతి వరండాలో గొప్ప కలకలము వినవచ్చినది. పోయి చూడగా ఐదుగురు బాలురు ఒక క్రొత్త చలనచిత్రమును గూర్చి వాదులాడుకొనుచుండిరి. మొదటి దినముననే అది ఇన్ని కోట్లు రాబట్టినదని ఒకడనెను. ఆ లెక్క కల్ల యని వేరొకడనెను. తన అభిమాన నటుని పూర్వచిత్రము దానిని మించినదని మూడవవాడు ఒట్టు పెట్టుకొనెను. నేను వారి నడుమ నిలిచి, "అది సరే నాయనా, కథ యేమి?" అని యడిగితిని. ఒక్కడును చెప్పజాలడయ్యెను. విచారింపగా ఆ యైదుగురిలో చిత్రమును చూచినవాడొక్కడే. వాడును ఆదోనిలో ఈలల నడుమను, కాగితపు ముక్కల వానలోను చూచుటచేత సగము మాటలు వినలేదట!

ఆ వారమందే ఒక సంఘపెద్ద నన్ను కలిసికొని, తరగతిలో సినిమాల ప్రస్తావన రానిచ్చుచున్నానని నొచ్చుకొనిరి. ఏ చిత్రమున ఏ దోషము వారికి కనబడినదో చెప్పుడని వినయముగా వేడుకొంటిని. "మేము అవి చూడము గదా సార్" అనిరి.

ఆలోచింపగా ఈ యుభయులకును భేదము స్వల్పమని తోచినది. చూడక మెచ్చుకొనువారు వీరు, చూడక నిందించువారు వారు. చూడనిదానిని గూర్చి సాక్ష్యము పలుకవచ్చినవానిని న్యాయస్థానమున ఒక నిముసమైన నిలువనీయరు. పొరుగువానిపై అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞను మనము ఆదివారపు బడిలోనే కంఠస్థము చేసితిమి. ఒక చిత్రమును నూర్లకొలది జనులు శ్రమించి తీయుదురు. వారు మన పొరుగువారు కారా? దానిని చూడబోవు తోడి విద్యార్థి మన పొరుగువాడు కాడా? "తప్పక చూడుము" అని గాని, "చూడవలదు" అని గాని మనము చెప్పు మాట సాక్ష్యమే. మన పాఠశాలలో ఇప్పుడు కావలసినది సినిమాను నిషేధించుటయు కాదు, నెత్తికెత్తుకొనుటయు కాదు. చూచినదానిని గూర్చి నిజము చెప్పుట నేర్చుకొనుటయని నా యభిప్రాయము.

సినిమా మంచిదా, చెడ్డదా యను ప్రశ్న మిక్కిలి పాతది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వెలువడిన నాటినుండియు పెద్దలు దానిని అడుగుచునే యున్నారు. పుస్తకము మంచిదా, చెడ్డదా యని మాత్రము ఎవ్వరును అడుగరు. ఏ పుస్తకమని అడుగుదురు. పూర్వము పిల్లవాడు సినిమా చూడవలెనన్న చిల్లర కూడబెట్టుకొని హాలువరకు నడువవలసి యుండెను. తండ్రి త్రోవలో పట్టుకొనుటకు వీలుండెను. నేడు హాలు చొక్కాజేబులో నున్నది. ఇంటిలో వలదన్న బాలుడు దుప్పటి ముసుగులో చూచును, చూచినదానిని గూర్చి పెద్దలతో నోరు విప్పడు. చూచుట కంటె ఈ నోరు విప్పకుండుటయే నాకు భయము కలిగించును.

నేనును సినిమా నిషిద్ధమైన ఇంటనే పెరిగితిని. ఒక్క చిత్రమునకు మాత్రము మా తండ్రిగారు సెలవిచ్చిరి. అది 'కరుణామయుడు'. మా పల్లె గుడి ఆవరణలో రెండు వెదురుబొంగులకు తెల్లని గుడ్డ కట్టి, యంత్రమును ఎద్దులబండి మీద నిలిపి చూపిరి. నాటికి ఆ చిత్రము పాతదే. 1978లో వెలువడినది, దర్శకుడు భీమ్‌సింగు దాని విడుదలను చూడకయే మరణించెను. మాటలు మోదుకూరి జాన్సన్‌గారివి. విజయచందర్ ప్రభువు వేషము ధరించెను. ఆ రాత్రి మాల మాదిగ వాడలవారే గాక, బోయలు, కురువలు, ఊరి పెద్దకాపులు సహితము నేలమీద కూర్చుండి చూచిరి. కొరడా దెబ్బల ఘట్టమున మా అవ్వ లేచి నిలిచి తెరవైపు చేతులు జోడించినది. అవ్వ అటుపిమ్మట బ్రదికియున్నంత కాలము గోడమీది పటమును చూచినప్పుడెల్ల విజయచందర్ ముఖమునే తలచుకొనెడిది.

పెద్దవాడనై మరల ఆ చిత్రమును చూచితిని. నిజము చెప్పవలెను గదా! రోగులను స్వస్థపరచు ఘట్టములు నేటికిని నన్ను కరగించుచున్నవి. కాని దేవాలయమున వర్తకుల బల్లలు పడద్రోసిన ప్రభువు, ధనవంతులను గద్దించిన ప్రభువు, నా మనస్సున అంత గట్టిగా నిలువలేదు. పేరే కరుణామయుడు గనుక కరుణయే మిక్కుటమైనది కాబోలు. ఆ నటుడే 1986లో వేమనగాను, శిరిడీ సాయిబాబాగాను నటించెనని తెలిసికొన్న దినమున బాల్యమున నేను పొందిన భక్తికి కొంత దెబ్బ తగిలినట్లయ్యెను. ఇప్పుడు అట్లనిపించదు. ఒక ముఖము వేషము మాత్రమే యని పిల్లలకు తెలుపుటకు అంతకంటె సులువైన ఉదాహరణము నాకు దొరకలేదు. ఈ చిత్రమును మన బాలబాలికలు చూడవలయును. చూచి, సువార్త తెరచి, ఏది యున్నది, ఏది విడిచిరి యని పోల్చుకొనవలయును.

ఎమ్మిగనూరు పిల్లలకు నేను మొదట చెప్పు చిత్రము వేరు. అది 'మల్లేశం'. 2019లో రాజ్ రాచకొండ తీసెను. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఊరు ఇది. మగ్గపు చప్పుడు ఎరుగని బాలుడు ఈ ఊరిలో నేటికిని అరుదు. అట్టి ఊరివారు నేతగాని కథను చూడకుండుట వింత. చింతకింది మల్లేశం నల్లగొండ సీమలోని చేనేత కుటుంబమున పుట్టి, ఆరవ తరగతితో చదువు మానెను. పోచంపల్లి రీతి చీరకు రంగులద్దుటకు ముందు నూలును మేకుల చుట్టును త్రిప్పి 'ఆసు' పోయవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ముందుకును వెనుకకును పోవలెనందురు. దినమునకు రెండు చీరలైన 18,000. తల్లి భుజము నొప్పి చూడలేక అతడు ఆ పని చేయు యంత్రమును నిర్మింపబూనెను. ఏడేండ్లు పట్టినది. అప్పులు, పరిహాసములు, ఊరు విడిచి కూలిపనికి పోవుట, ఇవన్నియు గడచి 1999లో యంత్రము కదలినది. దానికి తల్లి పేరు పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రము' అనెను. 2017లో ప్రభుత్వము అతనికి పద్మశ్రీ ఇచ్చినది.

చిత్రమున ప్రియదర్శి మల్లేశముగాను, ఝాన్సీ తల్లిగాను నటించిరి. ఝాన్సీ భుజము పట్టుకొను తీరు చూచి నేను కన్నీరు ఆపుకొనలేకపోతిని. మా తరగతి బాలిక యొకతె ఈ చిత్రమును తన జేజికి చూపినది. జేజి నలువది ఏండ్లు కండెలు చుట్టిన మనిషి. సాంతము చూచి, "యంత్రము బాగుంది. చీర ధర పెరిగిందా మరి?" అని యడిగినదట. బాలిక మరునాడు నన్ను అదే ప్రశ్న అడిగినది. నాయొద్ద జవాబు లేదు, చిత్రమునందును లేదు. ఒక్క మనుజుని పట్టుదలను అది చక్కగా చూపినది గాని, నేసిన గుడ్డ ఎవరి చేతిలో ఎంతకు పోవునో లెక్క చూపలేదు. నేను చదివిన సమీక్షలలో ఏదియు జేజి మాటంత పదునుగా లేదు.

ఆ ప్రియదర్శియే 2024లో వెలువడిన '35 చిన్న కథ కాదు' అను చిత్రమున కఠినుడైన గణితోపాధ్యాయుడై వచ్చెను. నందకిశోర్ ఈమాని దర్శకుడు. కథ తిరుపతిలో జరుగును. అరుణ్ అను బాలునికి సున్న అర్థము కాదు. విలువ లేని సున్న ఒకటి ప్రక్కన చేరగానే పది యెట్లయ్యెనని వాని ప్రశ్న. ఉపాధ్యాయుడు సమాధానము చెప్పక, పిల్లలను వారి వారి మార్కులతోనే పిలుచుచు, వీనిని 'జీరో' యని పిలుచును. పదవ తరగతి తప్పిన తల్లి తాను లెక్కలు నేర్చుకొని కొడుకునకు నేర్పును. ముప్పదియైదు మార్కులు వచ్చునా, రావా? కథ అంతయు ఇంతే.

నేను గణితము బోధింతును. ఈ చిత్రమును గూర్చి సాక్ష్యమీయవలెనన్న నా సంగతి కొంత చెప్పక తప్పదు. మా పడమటి మండలములలో, కోసిగి, కౌతాళము ప్రాంతముల నుండి, దీపావళి గడచిన పిమ్మట కుటుంబములు మూటాముల్లె కట్టుకొని సుగ్గికి పోవును. గుంటూరు సీమలో ప్రత్తి తీసి, మిరపకాయలు కోసి, ఉగాది వేళకు తిరిగివత్తురు. పిల్లలును వెంట పోవుదురు. శిక్షణ కళాశాల విడిచి ఉద్యోగమున చేరిన క్రొత్తలో, వేరొక పాఠశాలలో, అట్లు పోయివచ్చిన బాలుడొకడు పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకొనెను. నేను వానిని తక్కిన దినములన్నియు 'నాలుగు' అని పిలిచితిని. తరగతి నవ్వెడిది, నేనును నవ్వితిని. మరుసటి యేట వాడు సుగ్గికి పోయి తిరిగి బడికి రాలేదు. శిశు మనశ్శాస్త్రమున నాకు ప్రథమశ్రేణి వచ్చియుండెను!

చిత్రమున ఉపాధ్యాయుడు 'జీరో' యని పిలిచినప్పుడెల్ల చుట్టునున్నవారు నవ్విరి. నేను తలవంచుకొంటిని. కావున ఈ చిత్రమును ముందుగా మా తోటి ఉపాధ్యాయులకే సిఫారసు చేయుచున్నాను. అయినను ఒక కొరత చెప్పవలయును. ఆ తల్లికి ప్రక్కన కూర్చుండి నేర్పుటకు ఇల్లున్నది, సాయంకాలమున్నది. మిరపతోటలో వంగిన తల్లికి ఆ రెండును లేవు. ముప్పదియైదు ఆ తల్లి బిడ్డకు ఎట్లు వచ్చునో ఈ చిత్రము చెప్పదు. చెప్పవలసినవారము మేమే కాబోలు.

తలిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగినది 'బలగం' గూర్చి. 2023లో వేణు ఎల్దండి తీసిన ఈ చిత్రమును తెలంగాణమున పల్లెపల్లెను బయలునందు తెరకట్టి చూపిరి. వినగానే నాకు మా గుడి ఆవరణలోని తెల్లగుడ్డ జ్ఞప్తికి వచ్చినది. ముసలి కొమురయ్య మరణించును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. బావమరదుల నడుమ ఏండ్లతరబడి మాటలు లేవు. కారణమేమన్న, విందులో వడ్డింపని నల్లిబొక్క. క్రైస్తవ బాలురు పిండము, కాకి యున్న చిత్రమును చూడవచ్చునా యని ఒక తండ్రి అడిగిరి. చూడవచ్చుననియే నా మనవి. కాకి మన యాచారము కాదు. నల్లిబొక్క పోరు మాత్రము మన సంఘములయందును కలదు. జ్ఞాపకార్థకూటపు భోజనమున వరుసలో ముందు కూర్చుండబెట్టలేదని పదేండ్లు మాటలాడుకొనని అన్నదమ్ములను నేనెరుగుదును. ఇరువురును ఒకే ఆరాధనకు వత్తురు, ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు. ఇందు త్రాగుడు దృశ్యములు మెండని మాత్రము తలిదండ్రులకు ముందే తెలియజేయుచున్నాను. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకై ఆ భాగమును ఓర్చుకొనవచ్చును. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించెను.

ఇక మన సీమను గూర్చి తీసిన చిత్రములు. ఇచట నా స్వరము కొంత కఠినమగును, మన్నింపుడు. 'సమరసింహారెడ్డి' 1999లో వచ్చినది. 'నరసింహనాయుడు' 2001లో, 'ఆది', 'ఇంద్ర' 2002లో, 'ఒక్కడు' 2003లో. అవి నడచిన కాలమున నేను యువకుడను. శిక్షణకై ఇతర జిల్లాకు పోగా, నాది కర్నూలు జిల్లా యని చెప్పిన దినమున ఒక తోటి విద్యార్థి, "మీ ఇంట బాంబులెన్ని?" అని యడిగెను. మా ఇంట నున్నవి రెండు మేకలు, ఒక హార్మోనియము. కొండారెడ్డి బురుజును తెరపై చూచినంతనే గంతులు వేసిన మన బాలురు, ఆ బురుజు క్రింద తమను ఏ వేషములో చూపిరో ఆలోచింపలేదు. సీమవాడన్న గొడ్డలి, తెల్లచొక్కా, లేచిపోవు సుమోలు. నేను చూచిన ఈ చిత్రములలో ఒక్కదానియందైన సుగ్గిబండి కనబడలేదు, ఆదోని ప్రత్తి బేరము కనబడలేదు, త్రాగునీటి బిందెల వరుస కనబడలేదు.

ఒకప్పుడు ఇట్లుండలేదు. ఆదోని 1953వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారి న్యాయవాదియు మహానటుడునగు రాఘవగారు 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'రైతుబిడ్డ'లో నటించిరి. ఆ చిత్రము జమీందారుల ఆగ్రహమునకు గురియై నిషేధమునకు లోనైనది. రైతును చూపినందుకు నిషేధింపబడిన చిత్రమున మనవాడుండెనని ఎందరు బాలురెరుగుదురు? 2018లో త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత'యందు కక్షలవలన వితంతువులైన స్త్రీల మాట వినబడినది, అంతవరకు మేలు. అయినను వారి మాట వినిపించుటకు ముందు పది నిముసములు నరకుట చూపవలసి వచ్చినది. వేడుక అందే యున్నదని ఈలలు తెలిపినవి.

ప్రధానోపాధ్యాయుల అనుమతితో గత కార్తికమాసము నుండి శుక్రవారము కడపటి గంటను దీనికై విడిచితిమి. చూడనివాడు వినవలెను గాని మాటలాడరాదు. చూచినవాడు ముందు కథ చెప్పవలెను. పిదప అందు తన కన్నులకు నిజమని తోచినదొకటియు, అబద్ధమని తోచినదొకటియు చెప్పి, దానిని ఎవరికి చూపదలచునో చెప్పవలెను. కోట్ల లెక్క ఎత్తినవాడు కూర్చుండవలెను. మొదటి రెండు వారములు ముప్పాతిక తరగతి కూర్చుండియే గడపినది. ఆ సంఘపెద్దగారిని ఒక శుక్రవారము ఆహ్వానించితిమి. వెనుక బల్లపై కూర్చుండి విని, ఏమియు అనక పోయిరి. మరల రెండు వారములకు తమంతట తామే వచ్చిరి.

ఉగాది గడచిన పిమ్మటి శుక్రవారమున సుగ్గినుండి తిరిగివచ్చిన బాలుడొకడు లేచెను. ఎనిమిదవ తరగతివాడు, సాధారణముగా నోరు మెదపడు. గుంటూరు సీమలో గుడిసెల ముందు రాత్రివేళ పదిమంది ఒక్క ఫోను చుట్టు చేరి చూచిన చిత్రమును గూర్చి చెప్పెను. కథ చక్కగా చెప్పెను. నిజమైనదేమని యడుగగా, నాయకుని తల్లి కొడుకునకు వడ్డించి తాను తినక పండుకొనుట యనెను. అబద్ధమైనదేమని యడిగితిని. వాడు కొంతసేపు తన అరచేతులు చూచుకొనెను. ఆ చేతులు ఇంకను ఎర్రగానే యున్నవి.

"మిరపకాయ కళ్ళంలో ఆయమ్మ పాట పాడుతుంది సార్. ఎగురుతుంది, దొర్లుతుంది. పాటంతా అయిపోయినా ఒక్కసారన్నా దగ్గదు సార్."